ఒక్క సీసా రక్తం - అదీ అమానతే

కోఠీలో దవాఖానాలకు కొదవ లేదు. ఉస్మానియా వైద్య కళాశాల ఇక్కడే ఉంది. సుల్తాన్ బజార్ ప్రసూతి ఆసుపత్రి, చెవి ముక్కు గొంతు ఆసుపత్రి ఇక్కడే ఉన్నాయి. జిల్లాల నుంచి వచ్చిన రోగుల బంధువులు నమాజు వేళకు ఈ ప్రాంతపు మస్జిదుల్లో కనబడుతుంటారు. నమాజు ముగిశాక కొందరు దుఆ చేయమని అడుగుతారు. మరికొందరు ధార్మిక సందేహాలు అడుగుతారు.

ఆ మధ్య ఒకరోజు అసర్ నమాజు తర్వాత నల్గొండ జిల్లాకు చెందిన ఒక పెద్దావిడ మస్జిదు గుమ్మం దగ్గర నిలబడి మాకు కబురు పంపారు. ఆమె మనవడికి తలసీమియా. నెలనెలా రక్తం ఎక్కించాలి. ఈసారి ఆసుపత్రిలో పిల్లవాడితోపాటు తల్లిదండ్రుల రక్తం కూడా తీస్తామన్నారట. కొంత పరీక్షకు, మిగిలింది ముందు ముందు జరిగే పరిశోధనల కోసం దాచిపెట్టడానికి. ఇంగ్లీషులో ఉన్న నాలుగు పేజీల కాగితం చేతికిచ్చి, చివర వేలిముద్ర వేయమన్నారట.

"మౌల్వీ సాబ్, మా రక్తం వాళ్ళెందుకు దాచుకుంటారు? అమ్ముకుంటారా? వేలిముద్ర వెయ్యమంటారా, వద్దంటారా?" అని ఆమె అడిగారు.

మేము తొందరపడ్డాము. "పరీక్షకు ఇవ్వండి ఖాలా, దాచుకోవడానికి మాత్రం వద్దని చెప్పండి" అన్నాము. ఆమె తలూపి వెళ్ళిపోయారు. కాని ఆ రాత్రి మాకు మనసు కుదురుగా లేదు. తెలియని విషయం వెంట పడవద్దని, చెవి, కన్ను, హృదయం అన్నిటి గురించీ రేపు విచారణ జరుగుతుందని దివ్య ఖుర్ఆన్‌లోని బనీ ఇస్రాయీల్ సూరా 36వ ఆయతు హెచ్చరిస్తోంది. బయోబ్యాంకు అంటే ఏమిటో సరిగా తెలియకుండానే మేము జవాబు చెప్పాము. ఆ తర్వాత కొన్ని వారాలు డాక్టర్లను అడిగాము, మా ఉస్తాదులను అడిగాము, గ్రంథాలు తిరగేశాము. ఆ ప్రయత్నంలో నేర్చుకున్నదే ఈ పాఠం.

హుసేన్ ఖాన్ రక్తం

మన నగరంలో రక్తానికీ పరిశోధనకూ ఉన్న సంబంధం పాతదే. 1897 ఆగస్టులో సికింద్రాబాద్ పక్కనున్న బేగంపేటలో రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు మలేరియా దోమల వల్ల వస్తుందని నిరూపించే పనిలో ఉన్నాడు. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమల చేత కుట్టించి, ఒక్కో దోమకు ఒక అణా చొప్పున అతనికి చెల్లించాడు. ఆ రక్తం తాగిన దోమల్లోనే ఆగస్టు 20న మలేరియా క్రిమి ఆనవాలు దొరికింది. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. మనం కోరంటి దవాఖానా అని పిలుచుకునే నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి ఆయన పేరే పెట్టారు. మరి హుసేన్ ఖాన్ పేరు మనలో ఎందరు విన్నారు?

ఆ పరిశోధన వల్ల లోకానికి జరిగిన మేలు ఎనలేనిది. దానిని కాదనలేము. కాని ఆ కథలో రెండు పాఠాలున్నాయి. ఒక పేదవాని రక్తం లక్షలమంది ప్రాణాలు కాపాడగలదన్నది మొదటిది. రక్తం ఇచ్చినవాణ్ణి లోకం తేలికగా మరచిపోతుందన్నది రెండవది. ఈ రెండూ గుర్తుంచుకుంటేనే నేటి సమస్య అర్థమవుతుంది.

బయోబ్యాంకు అంటే ఏమిటి?

మనుషుల రక్తం, లాలాజలం, శస్త్రచికిత్సలో తీసేసిన కండ ముక్కలు వంటి నమూనాలను, వాటిని ఇచ్చినవారి వయసు, వ్యాధి, కుటుంబ వివరాలతోపాటు ఏళ్ళ తరబడి అతిశీతలంలో భద్రపరిచే చోటును బయోబ్యాంకు అంటారు. ఆ నమూనాలోని డీఎన్ఏను మొదటి నుంచి చివరి వరకు చదివితే వచ్చే పూర్తి రాతను జీనోమ్ అంటారు. బ్రిటన్‌లో 2006 నుంచి 2010 వరకు 5 లక్షల మంది నమూనాలు సేకరించి ఇటువంటి పెద్ద భాండాగారం నెలకొల్పారు. మన దేశంలో 2020లో 'జీనోమ్ ఇండియా' పథకం మొదలైంది. 20 సంస్థలు కలిసి 10 వేల మంది జీనోమ్‌లను చదివాయి. మన హబ్సిగూడలోని సీసీఎంబీ అందులో భాగస్వామి. ఆ సమాచారాన్ని 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు.

దీనివల్ల ప్రయోజనమేమిటంటారా? ఒక్క ఉదాహరణ చాలు. గుండె కండరాన్ని బలహీనపరిచే ఒక జన్యు లోపం దక్షిణాసియా ప్రజల్లో దాదాపు నూటికి నలుగురిలో ఉందని సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న పరిశోధన 2009లో వెల్లడించింది. యూరోపు వారి రక్తం పరీక్షిస్తే ఈ సంగతి తెలిసేది కాదు. మన రోగాల రహస్యం మన రక్తంలోనే దొరుకుతుంది. అందరూ వద్దంటూ పోతే రేపు మన పిల్లలకు పనికివచ్చే మందు ఎక్కడి నుంచి వస్తుంది?

ఇవ్వడం ధర్మసమ్మతమేనా?

మనిషి శరీరం గౌరవనీయమైనది. ఆదం సంతతికి అల్లాహ్ గౌరవం ప్రసాదించాడన్నది ఖుర్ఆన్ ప్రకటన. కనుక దేహ భాగాలు అంగడి సరుకు కావు. రక్తపు వెల పుచ్చుకోవడాన్ని దైవప్రవక్త (స) వారించినట్లు బుఖారీలోని హదీసు వల్ల తెలుస్తోంది. అయితే ప్రాణం నిలబెట్టే అవసరం వచ్చినప్పుడు ఉచితంగా రక్తమివ్వడాన్ని ధర్మవేత్తలు అనుమతించారు. ముఫ్తీ ముహమ్మద్ షఫీ (రహ్మ) దీనిని తల్లిపాలతో పోల్చి వివరించారు. పాలు కూడా మనిషి శరీర భాగమే. కోత లేకుండా బయటికి వచ్చి మరొకరి శరీరంలో చేరుతుంది. అయినా బిడ్డ అవసరం రీత్యా షరీఅత్ దానిని అనుమతించింది.

పరిశోధన విషయానికి వస్తే, మక్కాలోని రాబితా ఫిఖ్హ్ మండలి 1998లో జరిగిన తన 15వ సమావేశంలో జన్యు పరిశోధనపై తీర్మానం చేసింది. దాని సారం ఇది: అవసరం ఉండాలి; లాభనష్టాలను ముందే జాగ్రత్తగా తూచాలి; షరీఅత్‌కు సమ్మతమైన రీతిలో అనుమతి తీసుకోవాలి; ఫలితాలను పూర్తిగా గోప్యంగా ఉంచాలి; మనిషి గౌరవానికి భంగం రాకూడదు. ఈ తీర్మానం తలుపు మూయలేదు, బార్లా తెరవనూ లేదు. తలుపు దగ్గర కాపలా పెట్టింది.

ఇది దానమా, అమ్మకమా, అమానతా?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. మనం ఇచ్చిన రక్తానికి ఆ తర్వాత యజమాని ఎవరు? అమ్మకం అనడానికి వీల్లేదు. హిబా, అంటే శాశ్వత దానం అనుకుంటే పుచ్చుకున్నవాడు తన ఇష్టం వచ్చినట్లు వాడుకోవచ్చు. మా పరిశీలనలో దీనికి అన్నిటికంటే దగ్గరి పోలిక అమానతు.

అమానతు ఆదేశాలు మన ఫిఖ్హ్ గ్రంథాల్లో స్పష్టంగా ఉన్నాయి. వస్తువును దాచినవాడు 'అమీన్'. దానిని తన సొత్తులా కాపాడాలి, సొత్తుగా వాడుకోరాదు. యజమాని అనుమతించిన హద్దు దాటితే అది 'తఅద్దీ', అంటే అతిక్రమణ. అతిక్రమించిన మరుక్షణం అతను నష్టానికి పూచీదారుడవుతాడు. యజమాని ఎప్పుడు అడిగినా తిరిగి ఇచ్చేయాలి. అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించమన్న అన్నిసా సూరా 58వ ఆయతు ఆదేశం ఇందుకు మూలం.

విచిత్రమేమిటంటే భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017లో వెలువరించిన నైతిక మార్గదర్శకాలు కూడా దాదాపు ఇదే మాట చెబుతున్నాయి. నమూనా, దాని సమాచారం ఇచ్చినవారివి; సంస్థ కేవలం సంరక్షకురాలు. ఇచ్చినవారు తర్వాత వెనక్కి తీసుకోవచ్చు. అయితే అప్పటికే పరిశోధన ఫలితంలో కలిసిపోయిన సమాచారాన్ని విడదీయడం అన్నివేళలా కుదరదు. ఈ సంగతి ముందే తెలిసి ఇవ్వాలి.

హద్దు దాటితే ఏమవుతుందో చూడండి. అమెరికాలోని హవాసుపాయి అనే గిరిజన తెగవారు 1990 తర్వాతి ఏళ్ళలో తమను పీడిస్తున్న మధుమేహం గుట్టు తెలుస్తుందని రక్తం ఇచ్చారు. తర్వాత అదే రక్తాన్ని మానసిక వ్యాధులపై, ఆ తెగ ఎక్కడి నుంచి వలస వచ్చిందన్న దానిపై పరిశోధనలకు వాడారని తెలిసి కుమిలిపోయారు. కోర్టుకెక్కారు. 2010లో విశ్వవిద్యాలయం 7 లక్షల డాలర్ల పరిహారం ఇవ్వడానికి ఒప్పుకుంది. మిగిలిన రక్తాన్ని వారికి తిరిగి అప్పగించింది. ఒక పనికి ఇచ్చిన అనుమతి ఇంకో పనికి అనుమతి కాదని వారి పోరాటం లోకానికి చాటింది. మన మద్రసాలో 'వకాలత్' అధ్యాయం చదివిన విద్యార్థికి ఇది కొత్త సంగతేమీ కాదు. మేక కొనడానికి పంపిన వకీలు గేదె కొంటే ఆ బేరానికి యజమాని కట్టుబడడు కదా!

వేలిముద్ర అనుమతి అవుతుందా?

అనుమతి అంటే కాగితం మీది గుర్తు కాదు, తెలిసి ఒప్పుకోవడం. ఈ విషయంలో మన తెలుగు నేల మీదే ఒక చేదు అనుభవం ఉంది. 2009లో ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నిరోధక టీకా వేసే అధ్యయనం జరిగింది. వారిలో చాలామంది హాస్టళ్ళలో చదివే పేద, గిరిజన బాలికలు. 2010 ఏప్రిల్‌లో ప్రభుత్వం దానిని నిలిపివేసింది. తల్లిదండ్రులు సంతకం చేయవలసిన పత్రాల మీద ఎన్నోచోట్ల హాస్టల్ వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు చేశారని విచారణలో తేలింది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దీనిని తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచి చెడ్డలు ఇక్కడ మన చర్చ కాదు. వలీ ఉండగా వలీ కాని వారు సంతకం చేయడమే మన చర్చ.

అల్‌బఖరా సూరాలో అన్నిటికంటే పొడవైన ఆయతు అప్పు పత్రం గురించినది. రాయాలి, సాక్షులుండాలి, స్వయంగా చెప్పలేనివాని తరఫున అతని సంరక్షకుడు న్యాయంగా చెప్పించాలని అందులో ఆదేశం ఉంది. పది రూపాయల అప్పుకే ఇంత జాగ్రత్త చెప్పిన ధర్మం, వంశ రహస్యం మోసే రక్తాన్ని చదవరాని కాగితం మీద వేలిముద్రతో అప్పగించమంటుందా? ఐసీఎంఆర్ మార్గదర్శకాల ప్రకారం కూడా పత్రంలోని విషయం ఇచ్చేవారికి అర్థమయ్యే భాషలో చెప్పాలి. చదువు రానివారి వద్ద పక్షపాతం లేని, చదువు వచ్చిన సాక్షి ఒకరు ఉండాలి. పత్రం ప్రతి ఒకటి చేతికివ్వాలి.

పిల్లల విషయంలో తండ్రి వలీ అన్నమాట నిజమే. కాని వలీ అధికారం పిల్లవాని మేలుకు కట్టుబడినది. వాడు యుక్తవయస్కుడయ్యాక మళ్ళీ అతని అనుమతి అడగాలి. భార్య రక్తానికి భర్త వేలిముద్ర, కోడలి రక్తానికి అత్త వేలిముద్ర చెల్లవు. ఈ మాట మన ఇళ్ళల్లో గట్టిగా చెప్పవలసి ఉంది.

ఒకరి రక్తం, ఇంటిల్లిపాది గుట్టు

పరాయి ఇంట్లోకి సలాం చేసి అనుమతి పొందందే అడుగుపెట్టరాదని అన్నూర్ సూరా నేర్పుతోంది. ఒక వ్యక్తి తలుపు రంధ్రంలోంచి లోపలికి తొంగిచూసినప్పుడు, అనుమతి కోరమన్నది ఆ చూపు గురించే కదా అని దైవప్రవక్త (స) మందలించారు. జీనోమ్ కూడా ఒక ఇల్లే. అందులో రక్తమిచ్చిన వాడొక్కడే లేడు. తల్లి, తండ్రి, అక్కచెల్లెళ్ళు, పుట్టబోయే బిడ్డలు అందరూ ఉన్నారు. తలసీమియానే తీసుకోండి. తల్లిదండ్రులిద్దరూ ఆ లోపాన్ని మోసేవారైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు ఉంటుంది. ఆ సంగతి పిన్ని కూతురికి, మేనమామ కొడుక్కి కూడా పనికివచ్చేదే. బంధుత్వాల్లోనే వివాహాలు జరిగే మన కుటుంబాల్లో ఇది మరీ ముఖ్యం. అదే సంగతి బజారున పడితే ఆరోగ్యంగా ఉన్న ఆడపిల్ల సంబంధం చెడిపోవచ్చు. మేలు చేసే జ్ఞానమే గోప్యత పోతే కీడు చేస్తుంది. సోదరుని లోపాన్ని కప్పిపుచ్చినవాని లోపాలను అల్లాహ్ కప్పుతాడన్న శుభవార్తను ఇక్కడ మరువరాదు.

పేరు చెరిపేస్తాం కనుక భయం లేదని అంటుంటారు. మంచిదే, కాని అదొక్కటే చాలదు. పేర్లు తీసేసిన జన్యు సమాచారాన్ని బహిరంగంగా దొరికే వంశావళి వివరాలతో పోల్చి, కొందరు దాతలెవరో కనిపెట్టవచ్చని 2013లో అమెరికాలో పరిశోధకులు చూపించారు. జన్యు పరీక్షలు చేసే 23అండ్‌మీ అనే అమెరికా కంపెనీ నుంచి 2023లో దాదాపు 69 లక్షల మంది వివరాలు చోరీకి గురయ్యాయి. 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా పిటిషను వేసింది. అమీన్ దివాలా తీస్తే అమానతు ఎవరి చేతికి పోతుందన్నది అప్పుడు లక్షలాది మందికి ఎదురైన ప్రశ్న.

మరొక సున్నితమైన విషయం నసబ్, అంటే వంశం. డీఎన్ఏ పరీక్షలకు పేరుపొందిన సీడీఎఫ్‌డీ సంస్థ కొన్నేళ్ళు మన నాంపల్లిలోనే ఉండి తర్వాత ఉప్పల్‌కు మారింది. కోర్టుల ఆదేశంపై పితృత్వ పరీక్షలు అక్కడ జరుగుతాయి. వ్యాధి కోసం ఇచ్చిన రక్తంలో ఎవరూ అడగని వంశ సంగతులు బయటపడితే ఏం చేయాలి? ఒక పల్లెవాసి దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి, తన భార్యకు నల్లని బిడ్డ పుట్టాడని అనుమానంగా అన్నాడు. ఆయన (స) అతని ఒంటెల రంగు అడిగారు. ఎర్రనివన్నాడు. వాటిలో బూడిద రంగుది ఉందా అంటే ఉందన్నాడు. అదెలా వచ్చిందంటే, ఏదో పూర్వపు నాడి లాగి ఉంటుందన్నాడు. నీ బిడ్డ విషయంలోనూ అంతేనేమో అని దైవప్రవక్త (స) బోధించారు. అనుమానంతో వంశాన్ని తెంచే దారిని అలా మూసేశారు. షరీఅత్ రీత్యా స్థిరపడిన వంశాన్ని నిరాకరించడానికి డీఎన్ఏ పరీక్షను ఆధారం చేసుకోరాదని మక్కా ఫిఖ్హ్ మండలి 2002లో తీర్మానించింది కూడా. కనుక ఇటువంటి విషయాలు చెప్పబోమని సంస్థ నుంచి ముందే మాట తీసుకోవడం మేలు.

వర్గాల గుర్తింపు, వివక్ష

2017లో సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఇతరులతో కలిసి 260కి పైగా దక్షిణాసియా సమూహాల జన్యువులను పరిశీలించారు. తమలో తామే వివాహాలు చేసుకునే సమూహాల్లో కొన్ని లోపాలు పేరుకుంటాయని చూపారు. మన వైశ్య సోదరుల్లో కొందరికి, మత్తు ఇచ్చేటప్పుడు కండరాలు సడలడానికి వాడే ఒక రకం మందు ప్రభావం మామూలుగా విడిచిపోదు. ఈ సంగతి తెలిసిన డాక్టరు ఆపరేషనుకు ముందే అడిగి ప్రాణాపాయం తప్పిస్తాడు. జ్ఞానం అంటే ఇలా ఉపయోగపడాలి. అంతే తప్ప ఫలానా వర్గం రక్తమే చెడ్డదని గేలి చేయడానికి కాదు. తెగలు, వంశాలు పరస్పర పరిచయం కోసమే, ఘనత భక్తితోనే అన్న అల్‌హుజురాత్ సూరా బోధ శాస్త్రవేత్తకూ సామాన్యునికీ సమానమే. 2018 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు ఒక హృద్రోగి కేసులో, జన్యు సంబంధమైన వ్యాధి అనే ఒక్క కారణంతో బీమా నిరాకరించడం వివక్ష అని తీర్పు చెప్పింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. కాని అందులో పరిశోధనలకు షరతులతో మినహాయింపులున్నాయి. చట్టం ఉంది కదా అని కళ్ళు మూసుకోరాదు.

వేలిముద్రకు ముందు ఏడు ప్రశ్నలు

సోదర సోదరీమణులారా! ఈ ప్రశ్నలను కాగితం మీద రాసి దగ్గరుంచుకోండి.

1. ఇది మా చికిత్స కోసమా, పరిశోధన కోసమా, రెండిటికా?
2. వద్దంటే మా చికిత్సకు ఏమైనా ఆటంకమా? (ఆటంకం ఉండకూడదు.)
3. ఈ ఒక్క వ్యాధి పరిశోధనకేనా, దేనికైనా వాడతారా? ఎన్నేళ్ళు దాస్తారు?
4. ఎవరి చేతికి వెళుతుంది? కంపెనీలకు, విదేశాలకు పంపుతారా? లాభం వస్తే రోగులకు అందే వాటా ఏమిటి?
5. మా పేరు, ఊరు ఎవరికి తెలుస్తాయి?
6. మాకు, మా పిల్లలకు ఉపయోగపడే సంగతి బయటపడితే చెబుతారా? వద్దన్నవి చెప్పకుండా ఉంటారా?
7. మనసు మారితే ఎవరి దగ్గరికి వెళ్ళాలి? ఎథిక్స్ కమిటీ ఫోను నంబరు ఏది?

సంతృప్తికరమైన జవాబులు వస్తే అల్లాహ్ ప్రసన్నత ఉద్దేశంతో ఇవ్వండి. ఒక ప్రాణాన్ని కాపాడటం మానవాళినంతటినీ కాపాడటంతో సమానమన్న ఆశ పెట్టుకోండి. జవాబులు రాకపోతే మర్యాదగా వద్దనండి. అది మీ హక్కు, అందులో పాపం లేదు.

మరుసటి నెల ఆ పెద్దావిడ మనవడికి రక్తం ఎక్కించడానికి మళ్ళీ వచ్చారు. "ఖాలా, ఆ రోజు తెలియక చెప్పాము, మమ్మల్ని మన్నించండి" అని మా మొదటి జవాబును వెనక్కి తీసుకున్నాము. ఈ ప్రశ్నలు తెలుగులో రాసిచ్చాము. ఆమె కొడుకు వాటిని డాక్టరు ముందు ఒక్కొక్కటిగా చదివాడట. డాక్టరు కుర్చీ లాక్కుని కూర్చుని అరగంట తెలుగులో వివరించారట. రక్తవ్యాధుల పరిశోధనకు సరేనన్నారు. మిగతా పరిశోధనలకు వద్దన్నారు. పిల్లవాడు పెద్దయ్యాక వాణ్ణే అడగాలని రాయించుకున్నారు. కోడలు తన పత్రం మీద తానే సంతకం చేసింది.

"మా పిల్లవాడికి ఇప్పుడే పనికిరాకపోయినా ఇంకో తల్లి బిడ్డకు పనికొస్తుందట మౌల్వీ సాబ్" అంటూ ఆమె కళ్ళు తుడుచుకున్నారు. మా తొందరపాటు జవాబు నిలిచి ఉంటే ఆ పుణ్యానికి మేమే అడ్డుపడి ఉండేవాళ్ళం.

అల్లాహ్ మనకు ప్రయోజనకరమైన జ్ఞానాన్ని ప్రసాదించుగాక! ఇచ్చేవారికి చిత్తశుద్ధిని, పుచ్చుకునేవారికి అమానతుదారీని అనుగ్రహించుగాక! వ్యాధిగ్రస్తులందరికీ స్వస్థత చేకూర్చుగాక! ఆమీన్.